పుట్టుకతో పచ్చ లైటు

ఆరోగ్యంగా ఉండాలంటే ముందుగా చేయవలసిన పని, ఆరోగ్యం ఎలా ఉందని అడిగేవాళ్లను దూరంగా ఉంచడం. తప్పనిసరై ఎవరైనా అడిగితే జవాబు ముందే తయారుగా ఉండాలి. అడిగాక ఆలోచించి చెప్పే జవాబుల్లోంచే రోగాలన్నీ పుడతాయి!

నవ్వకండి. ఈ సూత్రం మీద ఒక కంపెనీ రెండేళ్లు నిక్షేపంగా నడిచింది. ఆ రెండేళ్లూ దాని ఆరోగ్యాన్ని గంటకోసారి చూసి, బాగుందని సంతకం పెట్టినవాణ్ణి నేనే.

నా పేరు సన్యాసిరావు. పోర్ట్ బ్లెయిర్ హార్బర్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు తుఫాను సిగ్నళ్లు ఎక్కించాను. ఎర్ర దీపం ఎక్కించిన రోజు జెట్టీలో నాకు టీ పోసిన పాపాన ఎవరూ పోలేదు. పడవలు ఆగిపోయాయని చేపలవాళ్లు తిట్టేవారు. గాలివాన రాకపోతే ఉత్త పుణ్యానికి ఆపావని తిట్టేవారు. వస్తే, నేనే ఉత్తరం రాసి పిలిపించినట్టు చూసేవారు.

అందుకే రిటైరయ్యాక ఎర్రదీపంతో పని లేని ఉద్యోగం వెతుక్కున్నాను. ఊళ్లోనే మిడిల్ పాయింట్‌లో జితేంద్ర అని ఒకాయన నీళ్ల ట్యాంకర్ల కంపెనీ నడుపుతున్నాడు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టులు చేశాడు. కొడుకు ఇక్కడే పుట్టి, ఇక్కడి నీళ్ల కరువు చూసి, ట్యాంకర్లు కొన్నాడు. మార్చి దాటాక మా కుళాయిల సంగతి మీకు తెలియంది కాదు. ఫోనులో యాప్ తెరిచి బుక్ చేస్తే ట్యాంకర్ ఇంటికొస్తుంది. ఆ కంపెనీలో నేను మానిటరింగ్ ఆఫీసర్ని.

మానిటరింగ్ అంటే కంగారు పడకండి. కంప్యూటర్ తెర మీద ఒక గుండ్రటి చుక్క ఉంటుంది. అది ఆకుపచ్చగా ఉంటే యాప్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎర్రబడితే జబ్బు పడినట్టు. నేను గంటకోసారి ఆ చుక్కను చూసి, రిజిస్టర్‌లో "పచ్చగా ఉన్నది" అని రాసి సంతకం చేయాలి. ఇంతకంటే పుణ్యమైన ఉద్యోగం ఈ భూమ్మీద ఇంకొకటి ఉంటుందా?

యాప్‌ని తయారు చేసింది మెయిన్‌లాండ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. వాళ్లు దాన్ని కంటైనర్‌లో పెట్టి పంపారని జితేంద్ర చెప్పినప్పుడు, హార్బర్ అలవాటు కొద్దీ ఏ ఓడలో వస్తోందని అడిగాను. కంపెనీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ఇంజనీరు లహరి నవ్వి, విడమరచి చెప్పింది. ఇది క్రేన్ ఎత్తే ఇనుప పెట్టె కాదట. ప్రోగ్రామునీ, అది నడవడానికి కావలసిన సరంజామానంతటినీ కలిపి కట్టిన మూటట. మూటని విప్పకుండానే ఏ కంప్యూటర్ మీదైనా నడపవచ్చునట. ఆ పెట్టెకి అరనిమిషానికోసారి దానంతట అదే హెల్త్ చెక్ జరుగుతుందట. "బాగున్నావా?" అని ఒక ప్రశ్న వెళుతుంది. బాగున్నానని జవాబొస్తే చుక్క పచ్చన. రాకపోతే ఎరుపు.

మొదటి వారం ఆ చుక్క మహా అమర్యాదగా ప్రవర్తించింది. రోజుకు పదిసార్లు ఎర్రబడేది. మెయిన్‌లాండ్ వాళ్లు జవాబు కోసం రెండు సెకన్లే ఆగమని పెట్టారు. వాళ్ల ఊళ్లో అన్నీ రెండు సెకన్లలో జరుగుతాయి కాబోలు. మా నెట్‌వర్క్‌కి ఊపిరి తీసుకోవడానికే అయిదు సెకన్లు పడుతుంది. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మా గడియారాన్నయినా మేం తిప్పిపెట్టుకున్నామా? ఏప్రిల్‌లో తెల్లవారి అయిదింటికే ఎండ నెత్తికెక్కుతుంది, సాయంత్రం టీ తాగేలోగా చీకటి పడుతుంది. సూర్యుడు ఇక్కడ, టైము మెయిన్‌లాండ్‌ది. యాప్ ఒక్కటే మా సొంతం కావాలంటే ఎలా?

జితేంద్ర ఫోన్ చేసి గొడవ పెట్టాడు. వాళ్లు రెండు రోజుల్లో కొత్త పెట్టె కట్టి పంపారు. ఈసారి హెల్త్ చెక్‌ని బిల్డ్ వేరియబుల్‌తో అమర్చామని ఉత్తరంలో రాశారు. అంటే పెట్టె కట్టేటప్పుడే పక్కన నిలబడి, "ఎవరిని అడగాలి, ఏం అడగాలి" అన్నది చెబుతారన్నమాట. రేపు ఇంకో ఊరికి ఇంకో పెట్టె కట్టాలంటే ఆ ఒక్క మాట మార్చుకుంటే చాలు. ఎంత తెలివి!

ఆ పెట్టె నడిచిన రోజు నుంచి చుక్క ఎర్రబడలేదు. వానొచ్చినా, నెట్ పోయినా, ఒకసారి ఆఫీసులో కరెంటు పోయి తిరిగి వచ్చినా, తెర వెలగగానే పచ్చగా పలకరించేది. రెండేళ్లు. మూడు రిజిస్టర్లు నింపాను. ఒక్క పేజీలో కూడా కొట్టివేత లేదు. హార్బర్‌లో నా జీవితంలో ఇంత శుభ్రమైన రికార్డు చూడలేదు.

ఇక పెళ్లి సంగతికి వస్తాను.

నా భార్య రత్నం చెల్లెలు యర్రమ్మ ఊరి బయట చౌల్దారీ పల్లెలో ఉంటుంది. ఆమె, భర్త గవరయ్య కలిసి కూరగాయలు పండిస్తారు. వాళ్లమ్మాయి శ్రావణికి ఉత్తరాన ఉన్న రంగత్ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు ఉమేష్ అక్కడ స్కూలు టీచరు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, పది గంటల నలభై నిమిషాలకు ముహూర్తం. పెళ్లివారు గురువారం సాయంత్రానికే బస్సులో దిగుతారు. అరవై మంది. మూడు వందల మందికి భోజనాలు. చౌల్దారీలో ఆ నెల బావులు అడుగంటాయి.

నీళ్ల బాధ్యత నేను తీసుకున్నాను. యర్రమ్మ పక్కింటివాళ్ల ద్వారా ఎవరో తెలిసిన లారీ మాట్లాడతానంది. నేను ఒప్పుకోలేదు. మన కంపెనీ ఉండగా ఎవరో ఎందుకన్నాను. ఆమె ఫోనులో నేనే యాప్ పెట్టి, గురువారం మధ్యాహ్నానికి రెండు ట్యాంకర్లు, శుక్రవారం తెల్లవారి ఇంకొకటి బుక్ చేశాను. తెర మీద కన్ఫర్మ్ అని వచ్చింది. గవరయ్య మాటలు తక్కువ మనిషి. ఆ మాటనే రెండుసార్లు చదివించుకుని తల ఊపాడు.

గురువారం పదకొండు గంటలకు నేను రిజిస్టర్‌లో పచ్చగా ఉన్నదని రాశాను. పన్నెండుకూ రాశాను. ఒంటిగంటన్నరకు యర్రమ్మ ఫోన్ చేసి ట్యాంకర్ ఇంకా రాలేదని చెప్పింది. చుక్క చూశాను. నిగనిగలాడుతోంది. అంతా పచ్చగానే ఉంది, వస్తుందని చెప్పాను. మూడు గంటలకు మళ్లీ చేసింది. మళ్లీ చూశాను. అప్పటికీ పచ్చనే. ఆ రోజు ఆఫీసు ఫోను మామూలు కంటే ఎక్కువే మోగింది. మోగిన ప్రతిసారీ చుక్క చూసి, ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగున్నరకు యర్రమ్మ మూడోసారి చేసినప్పుడు, పెళ్లివారి బస్సు వచ్చేసిందని గొంతు తగ్గించి చెప్పింది. నాకు కొంచెం విసుగు కూడా వచ్చింది. ఆడవాళ్లకి టెక్నాలజీ మీద నమ్మకం ఉండదని లోపల అనుకున్నాను. పైకి, కంగారు పడొద్దన్నాను.

మా ట్యాంకర్లు నిలిపే యార్డు ఆఫీసు కింద దిగుడులోనే ఉంది. నలభై మెట్లు దిగితే చాలు. దిగలేదు. మోకాళ్ల నొప్పి ఒక కారణం. రెండో కారణం, చుక్క పచ్చగా ఉండగా మెట్లు దిగి చూడడం చుక్కని అవమానించడం కదా?

శుక్రవారం తెల్లవారగానే రత్నం ఫోన్ చేసింది. ఆమె బుధవారం నుంచీ చౌల్దారీలోనే ఉంది. రాత్రంతా పెళ్లింట్లో నీళ్లు లేవనీ, వచ్చినవాళ్లు కాళ్లు కూడా కడుక్కోలేదనీ చెప్పి పెట్టేసింది. నేను స్కూటర్ వేసుకుని పరిగెత్తాను. ఎక్కడికి? యార్డుకి కాదు. ఆఫీసుకి. తాళం తీసి, కంప్యూటర్ వేసి, చుక్క చూశాను. పచ్చన. కాసేపు కూర్చుంటే ఏదైనా కదులుతుందేమోనని కూర్చున్నాను. ఎనిమిదింటి దాకా కూర్చున్నాను. అంతసేపూ నేను ఏం ఆలోచించానో ఇప్పుడు తలుచుకుంటే నాకే అర్థం కాదు. ఆ రంగు చూస్తూ ఉంటే పెళ్లింట్లో నీళ్లు లేవన్న సంగతి నిజం కాదేమో అనిపించేది.

ఎనిమిదింటికి మెట్లు దిగాను.

యార్డులో ఆరు ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్ శివాజీ తన బండి టైరు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. నేను ట్యాంకర్ మీద చెయ్యి వేసి తట్టాను. బోలు చప్పుడు రాలేదు.

"నిన్న దోపహర్ నుంచి ఫుల్‌గానే ఉంది అంకుల్" అన్నాడు శివాజీ. "ఫోన్‌లో ఒక్క ఆర్డర్ కూడా రాలే. ఆజ్ ఛుట్టీ హై క్యా, సెలవేమో అనుకుని మేం పేకాట ఆడుకున్నాం."

ఆరు ట్యాంకర్ల నీళ్లు. నలభై మెట్ల కింద. ఇరవై గంటలుగా.

ఆర్డర్ లేకుండా బండి తీయకూడదని శివాజీకి కంపెనీ రూలు. ఆర్డర్ నేనే అని చెప్పి పక్కన ఎక్కి కూర్చున్నాను. నిండు ట్యాంకర్ ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత నెమ్మదిగా వెళుతుందో ఆ రోజు తెలిసింది. వెనకాల ఇంకో బండి బయల్దేరింది. చౌల్దారీ చేరేసరికి తొమ్మిది దాటింది.

ఈలోపు అక్కడ ఏం జరిగిందో రత్నం తర్వాత చెప్పింది. పెళ్లికూతురి మంగళస్నానానికి నీళ్లు లేవు. సందు చివర కిరాణా కొట్టు తీయించి, తాగే నీళ్ల సీసాలు తెచ్చారు. శ్రావణిని పీట మీద కూర్చోబెట్టి, ఒంటికి నలుగు పెట్టి, ముత్తైదువులు చుట్టూ నిలబడి, ఒక్కో సీసా మూత తిప్పి తల మీద పోశారు. సన్నటి ధార. పసుపు సగం పోయింది, సగం మెడ మీదే ఉండిపోయింది. పిల్ల ఏడవలేదట. చలేస్తోందని మాత్రం అందట. పెళ్లివారి మగవాళ్లు తోటలో కొబ్బరిబోండాలు కొట్టించుకుని, ఆ నీళ్లతో ముఖాలు కడుక్కున్నారు. అరగంటకి చీమలు పట్టాయని ఒకాయన ఇప్పటికీ చెప్పుకుంటాడట.

వంటకి కావలసిన నీళ్లు మాత్రం యర్రమ్మే తెచ్చింది. తెల్లవారక ముందే వీధిలో ఇంటింటికీ వెళ్లి, బిందెడు నీళ్లిమ్మని అడిగింది. అందరూ ఇచ్చారు. వాళ్ల డ్రమ్ముల్లో ఉన్నదే రెండు రోజుల నీళ్లు. ఒక ముసలామె ఉన్న రెండు బిందెల్లో ఒకటి ఇచ్చి, రెండోది కూడా కావాలంటే తీసుకోమందట. యర్రమ్మ ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో ఉంటోంది. ఎవరినీ ఉప్పు రాయి అడిగి ఎరగదు.

నేను ట్యాంకర్ దిగేసరికి మేళం మొదలైంది. జనం పక్కకి తప్పుకుని బండికి దారిచ్చారు. గవరయ్య వచ్చి గొట్టం పట్టుకుని డ్రమ్ము దగ్గరకు లాక్కెళ్లాడు. నేను చుక్క పచ్చగానే ఉందని, సిస్టమ్‌లో ఏదో లోపమని యర్రమ్మకి చెప్పబోయాను. ఆమె పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉంది. చేతులకి వంటగిన్నెల మసి.

"బావా, నాను నిన్న మూడుసార్లు అడిగినాను" అంది. "లైటు ఏ రంగుగా ఉందని ఒక్కసారైనా అడిగానా? నీళ్లు బయల్దేరాయా నేదా అని అడిగినాను."

అంతే. లోపలికి వెళ్లిపోయింది. ముహూర్తం సమయానికే జరిగింది. భోజనాలు బాగున్నాయని అందరూ అన్నారు. చేతులు కడుక్కునే చోట అందరూ నీళ్లు ధారాళంగా పోసుకుంటుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

సోమవారం లహరి పెట్టెని విప్పి చూసింది. సాయంత్రానికి నన్ను పిలిచి తెర చూపించింది. నాకు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ తెలియలేదు. ఆమె మాటల్లో చెప్పింది. ఆర్డర్లను డ్రైవర్ల ఫోన్లకు పంపే భాగం గురువారం పదకొండుకి కొంచెం ముందు ఆగిపోయింది. బుకింగ్ తీసుకునే భాగం బాగానే ఉంది కాబట్టి జనానికి కన్ఫర్మ్ అని వస్తూనే ఉంది. హెల్త్ చెక్ అడగవలసింది ఆగిపోయిన ఆ భాగాన్నే. ఎవరిని అడగాలన్న సంగతి బిల్డ్ వేరియబుల్‌లో శుభ్రంగా రాసి కూడా ఉంది.

మరి ఎందుకు అడగలేదంటే, బిల్డ్ వేరియబుల్ ఆయుష్షు పెట్టె కట్టేంత వరకేనట. కట్టడం అయిపోగానే ఆ మాట గాలిలో కలిసిపోతుంది. పెట్టె నడిచేటప్పుడు హెల్త్ చెక్ లేచి, ఎవరిని అడగాలా అని చూసుకుంటే, పేరు ఉండవలసిన చోట ఖాళీ. ఖాళీ ఉంటే నేరుగా మొదటి పేజీకి వెళ్లి అడుగుతుందట. మొదటి పేజీలో మా కంపెనీ బొమ్మ, నీలం రంగు నీటిచుక్క తప్ప ఇంకేమీ లేదు. ఆ బొమ్మకి ఏ రోగమూ రాదు.

"సమఝ్ లీజియే అంకుల్, దుకాణంలో సేఠ్‌జీ ఎలా ఉన్నాడో తెలుసుకోవాలనుకోండి" అంది లహరి. "మన చెక్ లోపలికి పోవట్లేదు. బయట బోర్డుని అడిగి వచ్చేస్తోంది. దో సాల్ సే."

రెండేళ్లు. మూడు రిజిస్టర్లు. ప్రతి గంటకీ బోర్డు క్షేమంగా ఉందని నేను సంతకం పెట్టాను.

మందు చాలా చిన్నది. కట్టేటప్పుడు చెప్పిన మాటని నడిచేటప్పుడు కూడా గుర్తుండేలా పెట్టెలోనే రాసిపెట్టాలి. ఒక్క లైను. లహరి దాన్ని చేర్చి, ఆగే సెకన్లు కూడా మా నెట్‌వర్క్‌కి తగ్గట్టు పెంచి, పెట్టెని మళ్లీ కట్టింది. మంగళవారం పొద్దున్న నడిపింది. పదింటికి చుక్క ఎర్రబడింది.

అక్కడి నుంచి మొదలయ్యాయి పాఠకులారా, నా కష్టాలు! ఎర్రబడిందంటే ఆర్డర్లు డ్రైవర్లకి అందడం లేదన్నమాట. లహరి దాన్ని సరిచేసేలోగా నేను లిస్టు పట్టుకుని డ్రైవర్లకి ఒక్కొక్కరికి ఫోన్ చేయాలి. ఫలానా ఇంటికి వెళ్లు, ఫలానా ఇంటికి వెళ్లు. బుక్ చేసినవాళ్లకి కూడా ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పాలి. రెండేళ్లలో ఎన్నిసార్లు అలా ఆగి ఉంటుందో, ఎంతమంది డ్రమ్ముల పక్కన కూర్చుని ఉంటారో అప్పుడు లెక్క తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ వారంలో మాత్రం చుక్క రోజూ ఎర్రబడింది. ఒక్క ఇంటికి కూడా నీళ్లు తప్పలేదు. నా టీ రోజూ చల్లారింది. గొంతు బొంగురుపోయింది. మోకాళ్ల సంగతి సరేసరి. మనిషికి నిజం తెలిస్తే ఇన్ని బాధలు!

ఈ అరాచకం ఇలా ఉండగా ఒక రిసార్టు మేనేజరు ఏడాదికి సరిపడా నీళ్లు మాట్లాడుకోవడానికి వచ్చాడు. జితేంద్ర ఆయన్ని ఆఫీసంతా తిప్పి చూపించాడు. సరిగ్గా నా బల్ల దగ్గరకు వచ్చేసరికి చుక్క ఎరుపు. అదేమిటని ఆయన నన్నే అడిగాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పది నిమిషాలుగా ఆర్డర్లు ఆగాయి, నేను ఫోన్ మీద పంపిస్తున్నాను, గంటలో సర్దుకుంటుంది అన్నాను. ఆయన నాకు థాంక్స్ చెప్పాడు. జితేంద్రకి మళ్లీ వస్తానని చెప్పాడు. మళ్లీ రాలేదు.

జితేంద్ర చెడ్డవాడు కాదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. శ్రావణి పెళ్లి సంగతి తెలిసి, యర్రమ్మకి తనే ఫోన్ చేసి క్షమించమన్నాడు కూడా. కానీ ఆ సాయంత్రం నన్నూ లహరినీ గదిలో కూర్చోబెట్టి తన మనసులో మాట చెప్పాడు.

"లాల్ దిఖేగా తో కౌన్ ఆయేగా? ఎరుపు చూసి ఎవరొస్తారు చెప్పండి" అన్నాడు. "రెండేళ్లు పచ్చగా ఉంది, బిజినెస్ నడిచింది. నాకు నా రంగు వాపస్ కావాలి."

లహరి చాలాసేపు వాదించింది. పచ్చగా ఉన్నప్పుడు అది పాడై ఉందని, ఇప్పుడు బాగైందని అన్నది. ఎర్రగా ఉండడం బాగు ఎలా అవుతుందో జితేంద్రకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట వినడానికి వింతగానే ఉంది. చివరికి ఆమె సరేనంది. అంత తొందరగా సరేనన్నందుకు నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు చూస్తే రెండు పెట్టెలు. అదే యాప్, అదే ఫైలు. కట్టేటప్పుడు చెప్పే మాట ఒక్కటే వేరు. ఒకదానికి ఆర్డర్లు పంపే భాగాన్ని అడగమని చెప్పింది. రెండోదానికి బోర్డునే అడగమని చెప్పింది. బిల్డ్ వేరియబుల్‌కి ఇంతకంటే సద్వినియోగం ఉంటుందని నేననుకోను. రెండో పెట్టె చుక్కని జితేంద్ర గదిలో, వచ్చినవాళ్లందరికీ కనబడేలా, గోడకు పెద్ద తెర పెట్టి అందులో వెలిగించింది. మొదటిదాన్ని నా బల్ల మీద, నాకు తప్ప ఎవరికీ కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టింది. ఇవన్నీ జితేంద్రకి చెప్పే చేసింది. ఆయన సంతోషించాడు. గోడ మీద పచ్చటి చుక్క బండి చక్రమంత ఉంది. దాని ముందు నిలబడి ఫొటో దిగాడు.

మే నెలలో ఒక ఆదివారం. ఆఫీసు తెరిచే ఉంది. తొమ్మిదింటికి నా చుక్క ఎర్రబడింది. ఆ రోజు చాలా ఆర్డర్లు చిక్కుకున్నాయి. లిస్టు పట్టుకుని వరసగా ఫోన్లు చేస్తున్నాను. పదింటికి నా సొంత ఫోను మోగింది. చేసింది చాందిని, జితేంద్ర భార్య. ఆమె ఇంటికి నీళ్లు కావాలంటే మొగుడికి చెప్పదు, అందరిలాగే యాప్‌లో బుక్ చేస్తుంది. మా జితేంద్ర పెట్టిన రూలే అది. ఆమె పేరు నా లిస్టులో ఉందని నేను అప్పటికింకా చూడలేదు.

పొద్దున్నే ఊరి నుంచి వాళ్లమ్మావాళ్లు వచ్చారట. దుప్పట్లన్నీ సబ్బులో నానబెట్టిందట. జితేంద్రకి మూడుసార్లు ఫోన్ చేసిందట. ఆయన గదిలో కూర్చుని గోడ చూసి, అంతా బాగుంది, వచ్చేస్తుందని మూడుసార్లూ చెప్పాడట.

"అంకుల్, యే తో హరా బోల్ రహే హై, పచ్చనే అంటున్నారు" అంది చాందిని. "మీ దగ్గర ఏ రంగు?"

యజమాని పక్క గదిలోనే ఉన్నాడు. తలుపు కూడా తీసే ఉంది. నేను లిస్టు చూశాను.

"ఎరుపమ్మా" అన్నాను. "మీది పదిహేడోది. రెండు గంటలు పడుతుంది."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. పడలేదు.

"ఠీక్ హై. ఈ మాట ముందే చెప్పుంటే దుప్పట్లు నానబెట్టేదాన్నే కాదు" అని పెట్టేసింది.

పదిహేడో నంబరుని పదిహేడో నంబరుగానే పంపాను. పన్నెండున్నరకి శివాజీ వాళ్లింటికి వెళ్లాడు. జితేంద్ర భోజనానికి ఇంటికి వెళ్లి, మూడింటికి తిరిగొచ్చాడు. ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, అడగలేదు. ఆయన నా వైపు చూడకుండా గదిలోకి వెళ్లి, కాసేపు గోడ మీద చుక్క వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లహరిని పిలిచాడు. తలుపు దగ్గరగా వేసుకున్నాడు కానీ, మా ఆఫీసులో తలుపులన్నీ ప్లైవుడ్డువి.

నిజం చూపించే చుక్కని ఇంట్లో, చాందిని ఫోనులో పెట్టడానికి ఎంతసేపు పడుతుందని ఆయన అడిగాడు. పది నిమిషాలని లహరి చెప్పింది. మరి ఈ గోడ మీద చుక్కని కూడా మార్చమంటారా అని అడిగింది.

"అది అలాగే ఉండనీ" అన్నాడు జితేంద్ర. "వో పబ్లిక్ కే లియే హై."

కనుక పాఠకులారా, మీ ఊళ్లో ఏ ఆఫీసు గోడ మీదైనా, ఏ యాప్‌లోనైనా ఆకుపచ్చ చుక్క కనిపిస్తే నిశ్చింతగా నమ్మండి. దాన్ని ప్రత్యేకంగా మీ కోసమే కట్టించారు. ఎర్రది మాత్రం అడగకండి. అది పెద్దల ఇళ్లకు సరిపడా మాత్రమే ఉంది.